మ్యాట్ ఎత్తి చూడు తమ్ముడూ

పోయిన నెల కడప నుంచి ఒక అబ్బాయి ఫోన్ చేశాడు. ప్రొద్దుటూరు దగ్గర ఎవరింట్లోనో షెడ్డులో పడున్న స్టాండర్డ్ హెరాల్డ్ కొన్నాడంట, ఇంజన్ తిరుగుతోందంట, పెయింటు కూడా అయిపోయిందంట, ఇక సీట్లు ఒక్కటే మిగిలాయి, మీ కారుకు సీట్లు కుట్టింది ఎవరన్నా, నంబరిస్తావా అని అడిగాడు. నేను నంబరివ్వకుండా ఫ్లోర్ ఎట్లుంది అని అడిగా. "ఫ్లోర్ సూపర్ అన్నా, కొత్త మ్యాట్ వేసేశారు" అన్నాడు. మ్యాట్ సంగతి కాదు తమ్ముడూ, దాని కింద ఎట్లుంది అంటే కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మ్యాట్ అంటించేశారన్నా, ఎత్తితే చినిగిపోతాది" అన్నాడు. చినిగితే చినగనీ, ఎత్తి చూడు అన్నా. ఆ మాటకు నొచ్చుకున్నట్టున్నాడు, సరే అన్నా మళ్ళీ చేస్తా అని పెట్టేశాడు.

అప్పట్నుంచి నా మనసు మనసులో లేదు. అంత ఆశగా చేసిన పిల్లోడితో అంత కటువుగా మాట్లాడాల్సింది కాదు. కానీ ఫోన్లో రెండు నిమిషాల్లో చెప్పే సంగతి కాదు అది, అందుకే ఇక్కడ రాస్తున్నా. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. పాత కారు ఫ్లోర్‌కు చిల్లు పడితే దాని మీద ఇంకో రేకు కప్పి రివెట్లు కొట్టడం కంటే ఆ చిల్లును అట్లే వదిలేయడం మేలు. మొండిమాటలా ఉంటుందని తెలుసు, మా ఇంట్లోనే ఎవరూ ఒప్పుకోరు. కానీ ఒకే కారుకు కుడి పక్క ఒక రకంగా, ఎడమ పక్క ఇంకో రకంగా చేయించి, రెండూ ఏమయ్యాయో కళ్ళారా చూశా కాబట్టి చెప్తున్నా.

మామ బండి

మాది ట్రయంఫ్ స్పిట్‌ఫైర్, మార్క్ 3. ఈ మార్క్ 3 అనేది 1967 నుంచి 1970 దాకా తయారైంది, ఇంజన్ 1296 సీసీ, రెండే సీట్లు, పైన గుడ్డ టాపు. మా మామ మద్రాసులో ఉద్యోగం చేసేటప్పుడు ఎవరి దగ్గరో పాతది కొన్నాడు, రిటైరయ్యి అనంతపురం వచ్చేటప్పుడు సామాన్లతో పాటు అది కూడా లారీ ఎక్కి వచ్చింది. ఆయన పోయాక అత్త తాళాలు నా చేతిలో పెట్టింది.

హెరాల్డ్ తెలిసినవాళ్ళకు ఇది కొత్త బండేం కాదు. 1961 నుంచి మద్రాసులో తయారైన మన హెరాల్డ్, ఈ స్పిట్‌ఫైర్, రెండూ ఒక ఇంటి బిడ్డలే. రెండింటికీ రూపం గీసింది ఇటలీ ఆయన మిచెలొట్టి. హెరాల్డ్ చాసిస్‌నే, అంటే బాడీ కింద ఉండే ఇనుప చట్రాన్నే, ఎనిమిదిన్నర అంగుళాలు పొట్టి చేసి దీని కింద పెట్టారు. అయితే ఆ పొట్టి చేసేటప్పుడే ఇంకో పని చేశారు, నా వాదన అంతా దాని మీదే నిలబడింది కాబట్టి అది తర్వాత చెప్తా.

మామకు శుభ్రం అంటే ప్రాణం. ఆదివారం పొద్దున్నే పైపు పెట్టి బయటే కాదు, లోపల కాళ్ళు పెట్టుకునే చోట కూడా కడిగేవాడు. పైన కార్పెట్ ఎండినట్టు కనబడేది, కింద ఉన్న జనపనార పట్టా బుధవారానికి కూడా ఎండేది కాదని ఆయనకు తెలీదు, నాకూ తెలీదు. నేను చిన్నప్పుడు ఆ ఎడమ సీట్లో కూర్చుని పెనుకొండ దాకా, లేపాక్షి దాకా పోయినవాణ్ణి. టాపు తీసేసి పోతుంటే నాకు ప్రపంచంలో ఇంకేం అక్కర్లేదనిపించేది.

2019లో సీట్లు కుట్టిద్దామని విప్పడానికి కూర్చున్నా. అవును, నేను కూడా సీట్లతోనే మొదలుపెట్టా, ఆ కడప తమ్ముడిలాగే. మూడు నట్లు ఎట్లనో ఊడాయి. నాలుగోది తుప్పు పట్టి బిగుసుకుపోయింది, స్పానర్ వేసి గట్టిగా తిప్పా, కదిలింది అని సంతోషపడ్డా. కదిలింది నట్టు కాదు. నట్టు చుట్టూ ఉన్న ఫ్లోర్ రేకు బిస్కెట్ ముక్కలా విరిగి నట్టుతో పాటు తిరిగింది. ఆ ముక్కను చేతిలో పెట్టుకుని నేను చాలాసేపు అక్కడే కూర్చుండిపోయా. ఆ సీట్లోనే కదా మామ హైవే మీద లారీల పక్కన కూర్చుని నడిపింది, ఆ పక్కసీట్లోనే కదా నేను కూర్చుంది.

తర్వాత కార్పెట్ చింపేశా. కింద నారపట్టా, దాని కింద తారు, తారు కింద నూనె డబ్బా కత్తిరించి పరిచిన రేకు, దాని కింద ఫైబర్‌గ్లాస్, అన్నిటికంటే కింద కంపెనీ ఫ్లోర్ అనేది అక్కడక్కడా జాడగా మిగిలుంది. అంటే ఇదివరకే కనీసం మూడుసార్లు ఎవరో ఒకరు ఇది చూశారు, చూసి కప్పేశారు. వాళ్ళ మీద నాకు కోపం ఏంటంటే, కప్పేసి ఊరుకోలేదు, దాని మీద మళ్ళీ సీటు బిగించి మనిషిని కూర్చోబెట్టారు.

సీటు దేని మీద కూర్చుంటుంది

మామూలుగా మనకు కారు సీటు అంటే రెక్సిన్, ఫోమ్, కుట్టు, రంగు. దాని కింద రెండు పట్టాలు ఉంటాయి, వాటి మీద సీటు ముందుకీ వెనక్కీ జరుగుతుంది, ఆ పట్టాలు నాలుగు బోల్టులతో ఫ్లోర్‌కు బిగుస్తాయి. ఆ ఫ్లోర్ మందం ఎంత అనుకుంటున్నారు, ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. అంత పల్చటి రేకు డెబ్భై కేజీల మనిషిని, బ్రేకు కొట్టినప్పుడు ముందుకు తోసుకొచ్చే ఆ బరువును ఎట్లా మోస్తుందంటే దానికి పొడుగునా గాడులు నొక్కి ఉంటారు కాబట్టి. మన పైకప్పు రేకుల్ని చూడండి, చదునుగా ఉంటే చేత్తో వంచేయొచ్చు, అలలు అలలుగా ఉంటే మనిషి ఎక్కి నడిచినా ఆగుతుంది. ఇక్కడా అంతే. గాడి పోయిందంటే బలం పోయినట్టే.

ఇప్పుడు ఇందాక చెప్తానన్న సంగతి. హెరాల్డ్ చాసిస్‌కు రెండు పక్కలా డోర్ల కింద పొడుగ్గా ఇనుప పట్టీలు ఉంటాయి, బాడీ వాటి మీద కూర్చుంటుంది. స్పిట్‌ఫైర్‌కు వచ్చేసరికి ఆ పక్క పట్టీలు తీసేశారు, మధ్యలో వెన్నెముక ఒక్కటే ఉంచారు. మరి పక్కల బలం ఎక్కణ్ణుంచి వస్తుంది అంటే డోర్ కింద పెట్టెలాగా ఉండే సిల్ నుంచి, దానికి అతుక్కున్న ఫ్లోర్ నుంచి. పైన కప్పు కూడా లేని బండి ఇది. అంటే సిల్లూ ఫ్లోరూ తుప్పు తిన్నాయంటే బండి మధ్యలో కుంగుతుంది. డోర్ వేసేటప్పుడు కొంచెం పైకి ఎత్తి వేయాల్సి వస్తోందంటే హింజ్ అరిగిందనుకుంటాం, చాలాసార్లు అది హింజ్ కాదు, బండి నడుమే వంగిపోతోంది.

హెరాల్డ్‌కు ఇంత ప్రమాదం లేదు, అది ఒప్పుకుంటా. కానీ సీటు బోల్టులు మాత్రం దానికీ రేకులోనే ఉన్నాయి.

భాయ్ చెప్పిన మాటలు

మా టింకర్ భాయ్ పాతూరులో నలభై ఏళ్ళుగా చేస్తున్నాడు. జీపులు, అంబాసిడర్లు, లారీ క్యాబిన్లు, ఏదైనా సరే చేత్తో తడిమి ఎక్కడ పుట్టీ ఉందో చెప్పేస్తాడు. ఆయన మాటను తీసిపారేయడానికి నాకు నోరు రాదు. ఆయన అన్నది ఇది: "సార్, ఇది మీరు రోజూ నడిపే బండి కాదు. ఆదివారం నాలుగు రౌండ్లు తిప్పుతారు, షెడ్డులో పెడతారు. మన ఊర్లో వానలే లేవు. పైన జీఐ షీటు, అదే జింకు పూత రేకు, వేసి, సీలెంటు పూసి, వరసగా రివెట్లు కొడతా. రెండు రోజుల పని. మీ కాలం అయిపోతాది గానీ అది పోదు."

ఇందులో ప్రతి మాటకూ బలం ఉంది. మా అనంతపురంలో ఏడాదంతా పడే వాన 550 మిల్లీమీటర్లు అటూ ఇటూ, దేశంలో తక్కువ వానలో జైసల్మేర్ తర్వాత మాదే అని చిన్నప్పట్నుంచి పుస్తకాల్లో చదువుకుంటూ పెరిగాం. సముద్రపు గాలి లేదు. బయట పడేసిన ఇనప మంచం పదేళ్ళైనా పైపైన ఎర్రబడుతుందే తప్ప విరగదు. ఇంకోటి, పల్చటి రేకును గ్యాస్ వెల్డింగ్‌తో అతికితే వేడికి అలలు తిరిగిపోతుంది, అది భాయ్‌కి బాగా తెలుసు, అందుకే రివెట్లు అన్నాడు. బద్ధకంతో కాదు. జీఐ షీటును వెల్డింగ్ చేస్తే జింకు పొగకు రాత్రి చలిజ్వరం వస్తుందని, ఆ పొగ పీల్చినోళ్ళు పాలు తాగుతారని కూడా ఆయనే చెప్పాడు. పాలు తాగితే పొగ ఆగదు భాయ్ అని నేనంటే నవ్వాడు.

డబ్బు సంగతి కూడా ఉంది. స్పిట్‌ఫైర్ ఫ్లోర్ ప్యానెళ్ళు గాడులతో సహా అచ్చు పాతదానిలాగే ఇంగ్లండులో ఇప్పటికీ దొరుకుతాయి. తెప్పిస్తే ప్యానెల్ ధర కంటే దాన్ని తెచ్చే ఖర్చు, కస్టమ్స్ ఎక్కువ. నా బ్యాంకు జీతానికి రెండు పక్కలకు తెప్పించే స్తోమత అప్పుడు లేదు. కుడి పక్కకు, అంటే డ్రైవర్ పక్కకు, ఒకటి తెప్పించా. అక్కడ ఎక్కువగా తినేసింది కాబట్టి.

అక్కడ ఎందుకు ఎక్కువ తినేసిందో ఆలోచిస్తే వాన మాట కూడా తేలిపోతుంది. క్లచ్ పెడల్ పైన ఉండే మాస్టర్ సిలిండర్, అంటే పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను తోసేది, ఏళ్ళ తరబడి చుక్క చుక్కగా కారింది. బ్రేక్ ఆయిల్ అని మనం పిలిచేది నిజానికి ఆయిల్ కాదు, పెయింటు మీద పడితే పెయింటును తినేస్తుంది, పైగా గాలిలో తేమను లాక్కుంటుంది. రబ్బరు మ్యాట్ కింద అది నిలబడిపోయింది. పెయింటు పోయిన రేకు, పైన మామ ఆదివారం పోసే నీళ్ళు. మన ఊర్లో వాన పడకపోతే ఏం, కారు లోపలే వాన పడుతూ ఉండింది.

కుడి పక్క పని మూడు వారాలు పట్టింది. భాయ్‌కి తెలిసిన కుర్రాడి దగ్గర సన్న తీగతో అతికే మిగ్ వెల్డింగ్ మిషన్ ఉంది, ఆయనా కుర్రాడూ కలిసి చేశారు. ముందు డోర్ తీసేసి, డోర్ ఉండే ఖాళీలో ముందు స్తంభానికీ వెనక స్తంభానికీ మధ్య చదరపు పైపు అడ్డంగా వెల్డ్ చేశారు, ఎందుకంటే ఫ్లోర్ కోసేటప్పుడు బండి కుంగిందంటే ఆ కుంగుడుతోనే కొత్త రేకు అతుక్కుంటుంది, తర్వాత జన్మలో డోర్ సరిగ్గా పడదు. బాడీని చాసిస్ మీద నుంచి ఎత్తలేదు, ఒకసారికి ఒక పక్కే కోశారు. పాత రేకు ఎక్కడ దాకా కోయాలి అంటే గ్రైండర్ పెడితే తెల్లగా మెరిసే ఇనుము వచ్చేదాకా. కంపెనీలో చుక్క చుక్కగా వెల్డ్ చేసిన చోట రేకుకు చిన్న రంధ్రాలు వేసి, ఆ రంధ్రాల్లోంచి కింది రేకుకు అతికారు. ఇదంతా చూస్తూ భాయ్ మధ్యమధ్యలో "ఇంత అవసరమా సార్" అనేవాడు, కానీ ఒక్క చోట కూడా చెయ్యి తగ్గించలేదు.

అది అయ్యేసరికి డబ్బులైపోయాయి. అప్పుడే లాక్‌డౌన్ వచ్చింది. 2021లో మళ్ళీ మొదలుపెట్టినప్పుడు ఎడమ పక్కకు నేను భాయ్ మాటే విన్నా. అక్కడ తుప్పు తక్కువే, సిల్ గట్టిగానే ఉంది, చిల్లులు నాలుగైదు, అంతే కదా అనుకున్నా. చదును షీటు, సీలెంటు, అల్యూమినియం రివెట్లు. రెండు రోజుల్లో అయిపోయింది. చూడ్డానికి కుడిపక్క కంటే ఎడమపక్కే నీటుగా కనిపించింది.

నడిమివంక పొంగిన రాత్రి

2022 అక్టోబరులో ఊళ్ళో నడిమివంక పొంగింది. ఇక్కడున్నవాళ్ళకు చెప్పక్కర్లేదు, ఎన్ని ఇళ్ళు మునిగాయో, జనం మేడలెక్కి కూర్చున్నారు. వాళ్ళ కష్టం ముందు నా కారు సంగతి చెప్పడానికి కూడా సిగ్గుగా ఉంది. మా షెడ్డులోకి మోకాలి కిందికి నీళ్ళు వచ్చాయి. స్పిట్‌ఫైర్ ఫ్లోర్ నేల నుంచి జానెడు ఎత్తు కూడా ఉండదు. నీళ్ళు లోపలికి వచ్చి రెండు పక్కలా నిండాయి, మర్నాటికి దిగిపోయాయి.

ఒకే రాత్రి, ఒకే నీళ్ళు, ఒకే బురద. ఇంతకంటే పెద్ద పరీక్ష నేను కావాలని పెట్టినా పెట్టలేను.

సీట్లు తీశా, కార్పెట్ తీశా, కింద ఉండే రబ్బరు బిళ్ళలు పీకి నీళ్ళు వదిలేశా, ఫ్యాన్ పెట్టా. కుడి పక్క రెండు రోజుల్లో చెయ్యి పెడితే పొడిగా గరగరలాడింది. ఎడమ పక్క కూడా పైకి అట్లాగే ఉంది. వారం తర్వాత బండి ముందు భాగం జాకీ మీద ఎత్తినప్పుడు ఎడమ పక్క వెనక మూలలోంచి టీ డికాషన్ రంగులో నీళ్ళు కారాయి. తుడిచా. ఇంకో పది రోజులకు మళ్ళీ కారాయి. అప్పుడు అర్థమయ్యింది, పాత ఫ్లోర్ గాడులకూ పైన వేసిన చదును షీటుకూ మధ్య పొడుగ్గా కాలువల్లాంటి ఖాళీలు ఉండిపోయాయి, నీళ్ళు వాటిలో కూర్చున్నాయి. లోపలికి పోవడానికి రివెట్ల పక్కన సందులు చాలు, బయటికి రావడానికి మాత్రం దారి లేదు.

అట్లా కూర్చున్న నీళ్ళు బయటి నీళ్ళలాంటివి కావు. బయట రేకు తడిస్తే ఎండుతుంది, తుప్పు పట్టడం ఆగుతుంది. రెండు రేకుల మధ్య పల్చటి పొరగా చేరిన నీళ్ళు ఎండవు, పైగా గాలి బాగా అందే అంచుల కంటే గాలి అందని లోపలి చోటే ఎక్కువ తింటుంది, ఇది ఇనుము స్వభావం. తిన్న ఇనుము తుప్పయ్యి ఉబ్బుతుంది, ఇనుము కంటే తుప్పుకు ఎక్కువ చోటు కావాలి కాబట్టి రెండు రేకుల్నీ విడదీస్తుంది, విడదీసిన కొద్దీ ఇంకా నీళ్ళు పోతాయి. 2023 ఎండాకాలానికి ఎడమ సీటు కింద షీటు అప్పడంలా పొంగింది. రివెట్ల తలలు కొన్ని తెల్లగా పొడి రాలి ఊడిపోయాయి. సీటు ఊగడం మొదలైంది. నా భార్య "ఈ సీటు కదుల్తోంది" అని రెండుసార్లు చెప్పింది, పట్టాల బోల్టు బిగించి సరిపెట్టా. మూడోసారి ఆమె ఏం అనలేదు, ఎక్కడం మానేసింది.

షీటు కోసి తీశాక కింద చూస్తే నాలుగైదు చిల్లులున్న ఫ్లోర్ కాస్తా అంచులు మాత్రం మిగిలి మధ్యలో ఏమీ లేదు. సిల్ లోపలి రేకుకు కూడా పాకింది. దాదాపు రెండేళ్ళు. ఆ చిల్లుల్ని అట్లే వదిలేసి ఉంటే నీళ్ళు ఆ చిల్లుల్లోంచే కారిపోయేవి, నాకూ రోజూ కనబడుతూ ఉండేవి, కనబడేదాన్ని మనిషి ఎప్పుడో ఒకప్పుడు బాగు చేసుకుంటాడు.

మా ఇంట్లో బేతంచెర్ల బండలు ఉన్నాయి. కొన్ని బండల కింద మట్టి కుంగి, నడిస్తే టకటక బోలు శబ్దం వచ్చేది. బండలు లేపకుండా వాటి మీదే టైల్స్ వేసేద్దాం అన్నాడు మేస్త్రీ. మా నాయన ఒప్పుకోలేదు, బండ లేపి మట్టి కొట్టించి మళ్ళీ అదే బండ వేయించాడు. అప్పుడు నాకు పదిహేనేళ్ళు, దుమ్ములో నెల రోజులు వంట చేయాల్సి వచ్చిందని అమ్మ తిట్టింది. ఆ బండలు ఇప్పటికీ కదల్లేదు. కళ్ళ ముందే అది చూసి పెరిగినా నాకు కారు దగ్గర గుర్తు రాలేదు, అది నా తప్పు.

ఎడమ పక్క రెండోసారి చేసినప్పుడు ఇంగ్లండు నుంచి తెప్పించలేదు, ఇది ముఖ్యం, ఎందుకంటే నేను చెప్పేది ఫారిన్ సరుకు గొప్ప అని కాదు. బెంగళూరు నుంచి 18 గేజు సీఆర్ షీటు, అంటే నునుపైన మామూలు ఉక్కు రేకు, తెచ్చా. భాయ్ టేకు దుంగలో గాడి చెక్కించుకుని, కుడి పక్క ఫ్లోర్ కొలతలు చూసుకుంటూ, ఆ గాడిలో రేకు పెట్టి చెక్క సుత్తితో కొట్టి కొట్టి గాడులు దించాడు. నాలుగు రోజులు. ఇంగ్లండు ప్యానెల్ పక్కన పెట్టి చూస్తే గాడి అంచులు అంత పదునుగా లేవు, కానీ బలంలో ఏ తేడా లేదు, చేత్తో తడితే శబ్దం కూడా ఒకటే. ఆ రోజు భాయ్ అన్నాడు, "సార్, మొదటిసారే ఇట్ల చేయమని ఉంటే ఇదే చేసుండేవాణ్ణి, మీరు డబ్బుల్లేవు అన్నారు గదా." నిజమే. ఆయనకు పని రాక కాదు, అడిగేవాళ్ళు లేక. మన ఊళ్ళల్లో టింకర్లకు గాడి దించే చెయ్యి ఉంది, మనం పుట్టీకీ కప్పుడు షీటుకీ మాత్రమే డబ్బులిచ్చి ఆ చెయ్యిని పాడు చేస్తున్నాం.

సీట్ల మాట

ఇక సీట్లు. కుషన్ వర్క్స్ అతను మంచి పనోడు, కానీ అతని మొదటి సలహా ఆల్టో సీట్లు వేసేయమని. హెడ్‌రెస్టు వస్తుంది, వెనక్కి వాలుతుంది, కొత్తగా ఉంటుంది, సెకండ్ హ్యాండులో చవక. ఇందులో హెడ్‌రెస్టు మాట మాత్రం నన్ను చాలా రోజులు ఇబ్బంది పెట్టింది. మా పాత సీట్లకు తల వెనక ఏమీ లేదు, వెనక నుంచి ఎవరైనా గుద్దితే మెడ విరగొచ్చు. ఇది చిన్న విషయం కాదు, ఇప్పటికీ దీనికి నా దగ్గర సమాధానం లేదు.

కానీ ఆల్టో సీటు పెట్టి చూస్తే నా తల ముందు అద్దం ఫ్రేము కంటే పైకి వచ్చింది. సీటు పక్క డోర్‌కు తగులుతోంది. అన్నిటికంటే ముఖ్యం, దాని పట్టాల రంధ్రాలు మన ఫ్లోర్ రంధ్రాలతో కలవవు, అంటే ఇంత కష్టపడి వేసిన రేకులో బలం ఉన్న చోటు వదిలేసి బలం లేని చోట కొత్త రంధ్రాలు వేయాలి. అక్కడ నేను ఆగిపోయా. పాత ఫ్రేములే ఉంచి, సీటు బెల్టులు మాత్రం మూడు చోట్ల పట్టుకునేవి పెట్టించా. బెల్టు కింది కొసలు కూడా బాడీ రేకుకే కదా బిగుస్తాయి, అందుకని సీటు బోల్టులకూ బెల్టు బోల్టులకూ రేకు కింద పక్క 3 మిల్లీమీటర్ల ఇనుప ప్లేట్లు వేయించా, చిన్న వాషరైతే పల్చటి రేకును చీల్చుకుని వచ్చేస్తుంది.

పాత సీటు అడుగున ఫోమ్ కింద రబ్బరు షీటు ఒకటి కొక్కేలతో ఫ్రేముకు తగిలించి ఉండేది, అది పెళుసై ముక్కలైంది. కుషన్ అతను వాళ్ళ నాయనకు ఫోన్ చేసి అడిగి నవారు తెచ్చాడు, మంచాలకు అల్లే నవారే. అడ్డంగా నిలువుగా గట్టిగా లాగి అల్లాడు. రబ్బరంత సాగదు, నిజమే, గుంతలో పడితే తెలుస్తుంది. కానీ దాని మీద కూర్చున్నప్పుడు మా అవ్వ మంచం గుర్తొచ్చింది. నల్ల రెక్సిన్, తెల్ల పైపింగ్, మామ కాలంలో ఎట్లుండేదో అట్లే. ఒరిజినల్ కాదని అనేవాళ్ళు అనొచ్చు.

ఒరిజినల్ అనే మాట దగ్గరే ఇంకో గట్టి అభ్యంతరం ఉంది. పాత బండ్ల మీద నిజమైన ప్రేమ ఉన్న పెద్దాయన ఒకరు బెంగళూరులో నాతో అన్నారు, ఫ్యాక్టరీ రేకు ఒకసారి కోసేస్తే మళ్ళీ రాదు, వీలైనంత ఉంచు, బలం కావాలంటే పైన వేసుకో అని. ఆ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. కోసిన ముక్కల్ని నేను పాత ఇనుముకు అమ్మలేకపోయా, షెడ్డులో గోనెసంచిలో ఉన్నాయి. కానీ ఉంచాలనుకున్న రేకును కాపాడేది కూడా గాలీ చూపూ తగిలేటట్టు వదలడమే, కప్పడం కాదు. మా మేనల్లుడు ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీలో చేస్తాడు, అక్కడ బాడీ మొత్తాన్ని తొట్టిలో ముంచి కరెంటుతో పెయింటు పట్టిస్తారు మామా, సందు సందుకీ పోతుంది అని చెప్పాడు. మన పాత బండ్లకు సందుల్లో ఆ భాగ్యం లేదు. కాబట్టి మనం కొత్తగా ఇంకో సందు సృష్టించకూడదు, ఉన్న సందుల్లో మైనం కొట్టించుకోవాలి, ఏడాదికోసారి కార్పెట్ ఎత్తాలి. అందుకే నేను కార్పెట్ అంటించలేదు, బటన్లతో పెట్టించా. ఎత్తడానికి అర నిమిషం.

ఖర్చు గురించి అడిగేవాళ్ళకు ఒకటే చెప్తా, ఎడమ పక్కకు నేను రెండుసార్లు డబ్బు పెట్టా. రెండోసారి సిల్ కూడా కోయాల్సి వచ్చింది కాబట్టి ఆ ఒక్క పక్కకే కుడి పక్కకు మించి అయ్యింది, ఇంగ్లండు ప్యానెల్ లేకుండానే.

మొన్న ఆదివారం కడప తమ్ముడు మళ్ళీ ఫోన్ చేశాడు. మ్యాట్ చించేశాడంట. నేను భయపడినట్టు లేదు. ఆ బండి మొదట్నుంచీ ఆ కడప వైపే తిరిగిందేమో, ఎడమ పక్కంతా పాత పెయింటు అట్లే ఉందంట, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే టంగుమంటోందంట. కుడి పక్క క్లచ్ పెడల్ కింద మాత్రం అరచెయ్యంత చోట పెయింటు బుడగలొచ్చి ఉంది, పొడిస్తే దిగింది. "ఫ్లోర్ మొత్తం మార్చాల్నా అన్నా" అని భయం భయంగా అడిగాడు. వద్దు తమ్ముడూ, మెరిసే ఇనుము వచ్చేదాకా కోయించు, అంతవరకే అదే మందం రేకు పెట్టించు, దానికంటే ముందు పైన కారే మాస్టర్ సిలిండర్ కిట్ మార్పించు అని చెప్పా. కుషన్ అతని నంబరు కూడా పంపించా, నవారు అడగమన్నా.